షట్టరు మీద కూర్చున్న మనిషి

మోటారు మావ పోయాడని నాకు పచ్చడి జాడీ గురించి మాట్లాడుతుండగా తెలిసింది.

శ్రీకాకుళంలో మేం అద్దెకున్న ఇంటి పక్కావిడ మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు మేం మరిచిపోయిన జాడీని తను వాడుకుంటోందట, ఏమీ అనుకోవద్దంది. వాడుకోమన్నాను. పాప బడి గురించి అడిగింది. విజయనగరంలో వానలెలా ఉన్నాయని అడిగింది. ఇక పెట్టేస్తుందనుకుంటుండగా, "అన్నట్టు, మన మోటారు మావ పోనాడు, ఎరికేనా? నెల దాటిపోనాది" అంది. జ్వరం వచ్చిందట, నాలుగు రోజులు తగ్గలేదట, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. అంతకు మించి ఆవిడకీ తెలియదు.

సాయంత్రం పాపకి అన్నం పెడుతుంటే రెండుసార్లు ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. పాపే నా మణికట్టు పట్టుకుని లాక్కుని తింది. ఇప్పుడు అందరూ పడుకున్నారు. బయట చినుకులు పడుతున్నాయి. మాది రెండో అంతస్తు. నేల మీద ఇల్లు ఎంత బాగున్నా వద్దని పట్టుబట్టింది నేనే.

ఆయన పేరు నాకు తెలియదు. దాదాపు మూడేళ్లు రోజూ చూశాను, అడగలేదు. కాలనీలో పదేళ్ల పిల్లలూ మావ అనేవాళ్లు, వాళ్ల నాయనమ్మలూ మావ అనేవాళ్లు. ఆ వరస ఎలా కుదిరిందని ఎవరూ ఆలోచించినట్టు లేదు. నేను కొత్తలో ఏమని పిలవాలో తేలక "ఇదిగోండి" అంటూ కొన్నాళ్లు నెట్టుకొచ్చి, చివరికి నేనూ మావ అనే అన్నాను. కాకపోతే మీరు అనేదాన్ని. ఒక్క రోజు తప్ప.

మా కాలనీ నాగావళి కరకట్టకి లోపలి పక్కన, చుట్టూ ఉన్న వీధులకన్నా పల్లంలో ఉంటుంది. నాలుగు వీధుల వాననీరూ, ఇళ్లలో వాడిన నీరూ ఒక పెద్ద కాలవలో కలిసి, మా వెనక గోడని రాసుకుంటూ కరకట్ట దగ్గరికి పోతాయి. మామూలు రోజుల్లో కట్ట కింది తూములోంచి వాటంతటవే నదిలో పడిపోతాయి. నది పెరిగితేనే చిక్కు. కాలవకన్నా నది ఎత్తు అయిందంటే అదే తూములోంచి నది కాలనీలోకి వస్తుంది. అందుకని తూము నోటికి ఒక ఇనప తలుపు పెట్టారు. కట్ట మీదున్న చక్రం తిప్పితే అది దిగుతుంది, ఎక్కుతుంది. అందరూ దాన్ని షట్టరు అంటారు. షట్టరు దించాక కాలవ నీటికి దారి ఉండదు కాబట్టి అది కట్ట పక్కనున్న లోతైన గోతిలో చేరుతుంది. అక్కణ్నించి మోటార్లు తోడి, కట్ట మీదుగా నదిలో పోస్తాయి. కరెంటుది ఒకటి, డీజిలుది ఒకటి. ఆ రెండింటికీ, షట్టరుకీ, గోతికీ కలిపి ఒక్కడే మనిషి.

ఇదంతా ఆయన చెప్తేనే తెలిసింది నాకు. నేను ఫిజిక్స్‌తో డిగ్రీ చేశాను. మా ఇంటి వెనక నీళ్లు ఎటు పోతున్నాయో మాత్రం పాప పుట్టేదాకా తొంగి చూడలేదు.

సన్నగా ఉండేవాడు. ఖాకీ చొక్కా, మోకాళ్ల దాకా మడిచిన లుంగీ, తలకి తువ్వాలు. చేతి గడియారానికి పాలిథిన్ ముక్క చుట్టి దారంతో కట్టుకునేవాడు. ఏళ్ల తరబడి డీజిల్ మోటారు పక్కన ఉండడం వల్ల ఎడమ చెవి పోయింది. ఎవరైనా మాట్లాడితే కుడి చెవి ఇటు తిప్పి, కళ్లు అటెక్కడో పెట్టి వినేవాడు. కొత్తవాళ్లకి తమని పట్టించుకోవట్లేదేమో అనిపించేది. మోటారుని మాత్రం చెవితో వినేవాడు కాదు. ఒక వెదురు కర్ర ఉండేది ఆయన దగ్గర. ఒక కొస మోటారు మీద ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. ఒకసారి నన్నూ వినమన్నాడు. లోపల ఎవరో గులకరాళ్లు నములుతున్నట్టు ఉంది. అదే చెప్తే మెచ్చుకున్నాడు. నీరు చాలక గాలి మింగుతోందట, కాసేపు ఆపాలట.

మోటారు తిరగాలంటే ముందు దాని కడుపు నిండా నీళ్లు పోసి, లోపలి గాలి పోగొట్టాలి. ఆ పనిని ఆయన పాలు పట్టించడం అనేవాడు. "ఉండండి, దానికి పాలు పట్టించి వస్తాను" అని బిందె తీసుకుని పోతుంటే, తెలియనివాళ్లు కట్ట మీద ఈయనకో గేదె దూడ ఉందనుకునేవాళ్లు.

వానని మెట్లతో కొలిచేవాడు. గోతిలోకి దిగడానికి గోడకి పన్నెండు ఇనప మెట్లున్నాయి. ఎన్ని మెట్లు మునిగితే అన్ని మెట్ల వాన. రాత్రి మూడు మెట్లు పడ్డాది, నిన్నటిది ఒట్టి మెట్టున్నర వాన, అలా. పేపర్లో వచ్చే సెంటీమీటర్లు మా వీధిలో ఎవరికీ పట్టేవి కావు. మా అత్తయ్య నరసన్నపేటలో ఉన్న వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసి, "మాకు ఐదు మెట్లు పడ్డాదిరా, మీకెన్ని?" అని అడిగింది. ఆయన మా ఇంటి మెట్లు కూలిపోయాయనుకుని కంగారుపడ్డాడు.

గోతికి ముందు కాలవకి అడ్డంగా ఇనప కడ్డీల జాలీ ఉంటుంది. కొట్టుకొచ్చిన చెత్తంతా అక్కడ ఆగుతుంది. పొడుగాటి కొక్కెం కర్రతో ఆయన పొద్దునా సాయంత్రం దాన్ని లాగి ఒడ్డున కుప్ప పోసేవాడు. ఆ కుప్పలో కాలనీ మొత్తం ఉండేది. ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో పేరంటం, ఎవరు మానేశానని చెప్పి మానలేదు, అన్నీ ఆయనకి తెలుసు. మందు సీసాలు వరసగా వస్తుంటే షావుకారు ఒకరోజు పట్టుబట్టి అడిగాడట, ఎవరివి మావా ఇవి అని. వీధి మొదట్లో కిరాణా కొట్టు ఆయనది, అన్నీ కనుక్కోవాలి. "నీరు తెచ్చినాది షావుకారూ" అన్నాడట ఈయన. ఎప్పుడడిగినా, ఎవరడిగినా అదే. నీరు తెచ్చినాది. అంతకు మించి ఒక్క మాట రాబట్టలేకపోయారు.

పని అయ్యాక మోచేతుల పై దాకా సబ్బుతో మూడుసార్లు కడుక్కుని, నది వైపు తిరిగి కూర్చుని క్యారేజీ విప్పేవాడు. మా అత్తయ్య అప్పుడప్పుడు టీ ఇచ్చేది. ఆ గ్లాసు వేరే. పెరటి గోడ మీద బోర్లించి ఉండేది. మేం ఇల్లు ఖాళీ చేసేదాకా అక్కడే ఉంది. నేను చూస్తూ ఏమీ అనలేదు. ఆయన గురించి రాస్తూ ఇది రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

పాపకి రెండు నెలలప్పుడు ఆ ఏడు మొదటి పెద్ద వాన పడింది. అప్పట్లో నేను ప్రతిదానికీ భయపడేదాన్ని. పాప ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. చూసిన ఐదు నిమిషాలకి మళ్లీ చూసేదాన్ని. కాలవ నిండుగా వెనక గోడని కొడుతుంటే ఉండబట్టక, పాపని తువ్వాల్లో చుట్టుకుని గొడుగేసుకుని మోటారు షెడ్డుకి పోయాను. నీళ్లు ఇంట్లోకి వస్తాయా అని అడిగాను. ఆయన కుడి చెవి తిప్పి విన్నాడు. గోతిలోకి చూసి నాలుగు మెట్లేనన్నాడు. నేను కదలకపోయేసరికి పాపని చూసి, అప్పుడు చెప్పాడు.

"మోటారు సప్పుడు ఇనిపిస్తన్నంతసేపు నువ్వు తొంగో తల్లీ. ఆగిందనుకో, అప్పుడు లెగు."

మా అమ్మ, మా ఆయన, పిల్లల డాక్టరు, అందరూ భయపడకు అని చెప్పినవాళ్లే. ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు అక్కర్లేదో చెప్పింది ఈయనొక్కడే. ఆ రాత్రి చాలా రోజుల తరవాత నిద్రపోయాను. డుగుడుగుమని కిటికీ చువ్వలు అదిరే మోత. దానికే పాపా అలవాటు పడింది.

తరవాతి సంగతి చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

పాపకి డైపర్లు వాడేవాళ్లం. చెత్త బండి పొద్దున ఎప్పుడో వచ్చేది. అశుద్ధం రాత్రంతా ఇంట్లో ఉంచుతావేటి అని అత్తయ్య ఒప్పుకునేది కాదు. వంటింటి గుమ్మం దగ్గరే కాదు, పెరట్లో మూల కూడా కుదరదు. అందుకని వాడినవి కవర్లో కట్టి వెనక గోడ మీంచి కాలవలోకి విసిరేసేదాన్ని. విసిరాక చేతులు కడుక్కుని లోపలికొచ్చేదాన్ని. గోడ అవతల పడ్డది మాది కాదు. అలా అని నాకు నేను చెప్పుకోను కూడా లేదు, అసలు ఆలోచిస్తేగా.

పాపకి ఐదు నెలలు నిండిన వారం ఆయన మా గేటు బయట నిలబడి పిలిచాడు. లోపలికి రాలేదు. గొంతు తగ్గించి, కోపగించుకోవద్దని ముందే చెప్పి, డైపర్లు కాలవలో పడుతున్నాయన్నాడు. జాలీకి రెండు కడ్డీలు విరిగిపోయాయి, కొత్తవి వేయమని ఆఫీసులో చెప్పాడు, ఇంకా రాలేదు. కవర్లు చిరిగి, ఆ సందులోంచి ఇవి దూరిపోతున్నాయి. "నీరు తాగి ఒక్కోటి మావిడికాయంత అయిపోతాదమ్మా. మోటారు పీక పట్టేస్తాది" అన్నాడు.

మావి కావన్నాను. ఈ వీధిలో చంటిపిల్ల మాకొక్కళ్లకే ఉందా అని కూడా అన్నాను. నిజానికి మాకొక్కళ్లకే ఉంది. నా వెనక దండెం మీద పాప చొక్కాలు వరసగా ఆరుతున్నాయి. ఆయన వాటిని చూడకుండా తల దించుకుని, "సరేనమ్మా. నీరు తెచ్చినాది, నాకేటి తెలుస్తాది" అని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం మళ్లీ కవరు కట్టి గోడ మీంచి విసిరాను.

ఇంకో నెల గడిచింది. రెండు రోజులు ఆగకుండా వాన. పైన ఒడిశా కొండల్లోనూ కురిసిందట, నాగావళి కట్ట అంచుకి వచ్చింది. మా ఆయన పని మీద పలాస వెళ్లి, రోడ్లు తెగిపోయి అక్కడే చిక్కుకున్నారు. తెల్లవారుజామున కరెంటు పోయింది. కరెంటు మోటారు ఆగింది. డీజిల్ మోటారు మాత్రం ముందు రోజు సాయంత్రం నుంచి తిరుగుతూనే ఉంది. నేను దాని మోత వింటూ పాపకి పాలిస్తున్నాను.

పదకొండు గంటలప్పుడు ఆ మోత గరగరలాడింది. ఆగిపోయింది.

ఆగితే లేవమన్నాడు కదా. లేచాను. మా వరండాకి మూడు మెట్లున్నాయి. అప్పటికి ఒకటి మునిగి ఉంది. నేను బ్యాగులో పాప బట్టలూ, టీకాల కార్డూ సర్దేలోపు రెండోది మునిగింది. అది ఒట్టి వాననీరు కాదు, నాలుగు వీధుల మురుగు. వాసన ముందే ఇంట్లోకి వచ్చేసింది. వీధి మా వాకిలికన్నా పల్లం, అక్కడ నడుం లోతు. ఆరు నెలల పిల్లని ఎత్తుకుని అందులోంచి ఎటు పోవాలి? పాపని అత్తయ్య చేతిలో పెట్టి, నైటీ మీద తువ్వాలు వేసుకుని, గోడలు పట్టుకుంటూ కరకట్ట ఎక్కాను.

పది పదిహేను మంది ఉన్నారు అక్కడ. మోటారు మావ షట్టరు చక్రం కిందున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుని, చక్రం కాడకి రెండు కాళ్లూ పెనవేసుకున్నాడు. షావుకారు ఆయన మీదికి వంగి అరుస్తున్నాడు. కొట్టులో బియ్యం బస్తాలు అడుగు వరస అప్పటికే తడిసిపోయాయి, ఆయన బాధ ఆయనది.

"మోటారు సచ్చినాక ఇంకేటి సూస్తన్నావు మావా? షట్టరెత్తు, నీరు పోతాది."

ఎత్తితే ములిగిపోతామని మావ అంటూనే ఉన్నాడు. ఎవరూ వినట్లేదు. వాళ్లందరినీ తోసుకుని నేను ముందుకెళ్లాను. అక్కడ అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. ఇంట్లో ఆరు నెలల పిల్లుందన్నాను. దానికేమైనా అయితే నీదే పాపం అన్నాను. నువ్వు అన్నాను. తెరువు, తెరువు అని చక్రం పట్టుకుని ఊపాను.

ఆయన కుడి చెవి నా వైపు తిప్పి, నా అరుపు అయిపోయేదాకా విన్నాడు.

"నువ్వు సదువుకున్నదానివి. ఈ పక్క సూడు. ఆ పక్క సూడు. ఏ నీరు ఎత్తుగున్నాది?"

షట్టరుకి అటూ ఇటూ గోడ మీద ఆయన సున్నంతో గీతలు గీసి పెట్టుకున్నాడు, రెండు పక్కలా ఒకే ఎత్తులో. కాలవ పక్క మూడో గీత దగ్గర నీరుంది. నది పక్కకి వంగి చూశాను. మూడో గీత లేదు, నాలుగూ లేదు. అయిదో గీత మీద ఎర్రటి నీరు సుడి తిరుగుతోంది. నది మాకన్నా మూరెడు పైన ఉంది. తలుపు తెరిస్తే ఏ నీరు ఎటు వస్తుందో తొమ్మిదో తరగతి పిల్లకి తెలుస్తుంది. నేను అంతసేపూ నా పిల్ల మీదికి నదిని వదలమని అరుస్తున్నాను.

నా మొహం చూసి ఆయనకి అర్థమైంది. గొంతు తగ్గించాడు.

"మోటారు పీకలో ఏదో పడ్డాది. ఇప్పి తీయాల. నానిక్కడ లెగిస్తే ఈలు తిప్పేస్తారు. నువ్వు కూకో."

అప్పుడు తెలిసింది, మోటారు ఆగి అరగంటైనా ఆయన దాని దగ్గరికి ఎందుకు పోలేదో. చక్రాన్ని వదిలితే నది వస్తుంది, వదలకపోతే మురుగు వస్తుంది. అంతమందిలో నన్నే ఎందుకు కూర్చోమన్నాడో చాలాసార్లు ఆలోచించాను. అందరికన్నా ఎక్కువ అరిచిన మనిషి అడ్డం కూర్చుంటే మిగతావాళ్లు తగ్గుతారనుకున్నాడేమో. ఆయన లేచాడు. నేను కూర్చున్నాను.

"ఏటమ్మా, పిల్లని ఇంట్లో ఒగ్గేసి నువ్విక్కడ కూకున్నావేటి? లెగు, బేగి" అన్నాడు షావుకారు. గీతలు చూడమన్నాను. నా కొట్టు ములిగిపోతంటే గీతలేటి అన్నాడు. చూడండి బాబాయ్, చూశాక మీరే తిప్పండి, నేను లేస్తాను అన్నాను. ఆయన విసుక్కుంటూ అటు వంగాడు. ఇటు వంగాడు. మళ్లీ అటు వంగాడు. తరవాత కట్ట మీద చతికిలబడి తల పట్టుకున్నాడు. అయినా ఒక కుర్రాడు నా భుజం మీంచి చక్రం అందుకోబోయాడు. రెండు చేతులతో దాన్ని కావిలించుకుని తల ఆనించేశాను. పాపకి పాల వేళ దాటింది. పాలు పొంగి నైటీ ముందంతా తడిసింది. వాన పడుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

షెడ్డు అక్కడికి నాలుగు గజాలు. మోటారు మావ పంపు మూత విప్పి, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి లాగుతున్నాడు. ముందు బురద వచ్చింది. తరవాత జుట్టూ, పీచూ. తరవాత తెల్లగా, మెత్తగా, ఉబ్బిపోయి ఒకటి. ఇంకొకటి. రెండోదాని అంచున నీలం ఏనుగు బొమ్మలు కనిపించాయి. ఆ బొమ్మలున్న ప్యాకెట్ మా ఆయన ఊరంతా తిరిగి తెచ్చేవారు. వేరే రకం వేస్తే పాపకి తొడలు ఒరుసుకుపోతాయని నేనే తెమ్మనేదాన్ని.

ఆయన వాటిని పిడికిట్లో ముద్దగా నొక్కి బకెట్లో పడేశాడు. తలకున్న తువ్వాలు తీసి బకెట్ మీద కప్పాడు.

ఏం దొరికింది మావా అని కుర్రాడు అడిగాడు. గోనె ముక్క అన్నాడు. ఎవడేసినాడో సెప్పు, ఈ నీటిలోనే ముంచేస్తాను అన్నాడు షావుకారు తల ఎత్తి. ఆ మాట ఆయన ఊరికే అనలేదు.

"నీరు తెచ్చినాది" అన్నాడు మోటారు మావ.

నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసినా అందరి కళ్లూ ఆయన చూపు వెంట నా మీదికి వచ్చేవి. అందుకే చూడలేదని ఇప్పుడూ అనుకుంటున్నాను. పంపు మూత బిగించేదాకా, బెల్టు ఎక్కించేదాకా, బిందెలందించండి పాలు పట్టించాల అని కేకేసేదాకా, ఆయన తల నా వైపు తిరగలేదు. షావుకారుతో సహా అందరూ వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ నీళ్లందించారు. హేండిల్ తిప్పితే తెల్లటి పొగ కక్కింది. గొట్టం రెండుసార్లు దగ్గి గాలి వదిలి, మూడోసారి నల్లటి నీటిని నదిలోకి చిమ్మింది. ఆయన చెయ్యి వెనక్కి తిప్పి, జ్వరం చూసినట్టు మోటారుని తాకి కాసేపు నిలబడ్డాడు.

"ఇంక ఎల్లు తల్లీ. పిల్ల ఏడుస్తంటాది."

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య పాపని ఒళ్లో పెట్టుకుని డైనింగ్ టేబుల్ మీద కూర్చుని ఉంది. మూడో మెట్టు మునిగింది. గడపకీ నీటికీ మధ్య ఒక వేలు ఎడం. రాత్రంతా ఆ వేలు ఎడం అలాగే ఉంది, తెల్లారేసరికి జానెడైంది. అత్తయ్యకి ఏనుగు బొమ్మల సంగతి చెప్పాను. పొద్దున్నే మూతున్న బకెట్ ఒకటి తెచ్చి పెరటి తలుపు లోపలి పక్కన పెట్టింది.

నేను ఆయన ఇంటి మీదికి నదిని వదలమన్నాను. ఆయన ఇల్లు కూడా అదే కాలనీలో, మాకన్నా పల్లంలో ఉందని తరవాత తెలిసింది. ఆ పగలంతా ఆయన భార్య మంచం మీద మంచం వేసుకుని కూర్చుందట. ఆ మాట కట్ట మీద ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే మేం వినేవాళ్లమేమో. ఎందుకు అనలేదో నాకు తెలియదు. ఆయన నా గురించి నోరు విప్పి ఉంటే, తరవాతి రెండేళ్లు ఆ వీధిలో తల ఎత్తుకుని తిరిగేదాన్ని కాదు. పాపని మొదటిసారి నడిపించింది ఆ వీధిలోనే. షావుకారు కొట్టు దాకా, అక్కడ ఒక బిస్కెట్, మళ్లీ ఇంటి దాకా.

మోటారు ఆగిన మర్నాడు, వాన తగ్గాక, మధ్యాహ్నం ఆయన మా గేటు దగ్గరికొచ్చాడు. నేను పాపని ఎత్తుకుని బయటికి వచ్చాను. రాత్రంతా కూర్చుని కూడబలుక్కున్న మాటలు నోటి దాకా ఉన్నాయి.

"మావా, నిన్న ఆ గోనె ముక్క..." అన్నాను.

"నిన్న తెరు తెరు అన్నావు గదా. ఇప్పుడు రా, తెరుద్దువు గాని" అన్నాడు.

వెనకే నడిచాను. కట్ట మీద షావుకారూ, ఇంకో నలుగురూ ఉన్నారు. మావ నన్ను గోడ దగ్గర నిలబెట్టి ముందు గీతలు చూడమన్నాడు. చూశాను. నది దిగిపోయింది, కాలవే బెత్తెడు ఎత్తున ఉంది. అవునా కాదా అన్నాడు. అవునన్నాను. అయితే తిప్పమన్నాడు. పాపని ఎవరికివ్వాలో తెలియక చుట్టూ చూస్తే షావుకారు చేతులు చాపాడు. నిన్నటి మాటలేవీ గుర్తులేనట్టు పాపని భుజానేసుకుని, నదిని చూపించి ఏదో చెప్పడం మొదలెట్టాడు.

చక్రం బరువుగా ఉంది. రెండు చేతులతో వేలాడితే కొంచెం కదిలింది. ఎవరో సాయం రాబోతే మావ వద్దన్నాడు. నాలుగైదు చుట్లు తిప్పాక అడుగున ఎక్కడో ఇనుము మూలిగింది. కాళ్ల కింద కట్ట సన్నగా అదిరింది. మా పెరడూ, వీధీ, మెట్లూ ముంచిన నీళ్లు నా కిందినుంచి ఒక్కసారిగా నదిలోకి దూకాయి. ఆయన వెళ్లి మోటారు కట్టేశాడు. ఆ నిశ్శబ్దంలో నీటి చప్పుడు ఇంకా పెద్దగా వినిపించింది. అరచేతులు మండి ఆగిపోయాను.

ఆయన పక్కనే నిలబడి నీళ్లలోకి చూస్తున్నాడు.

"సగమే లెగిసినాది. ఇంకా తిప్పు" అన్నాడు.

తిప్పాను.